పాత పికప్ వాహనాల బ్రేకులు

పికప్ అనగా ముందు భాగంలో డ్రైవరు గది, వెనుక భాగంలో పైకప్పు లేని తొట్టి కలిగిన తేలికపాటి సరుకు రవాణా వాహనం. కూరగాయలు, పండ్లు, ఇటుకలు, గ్యాసు బండలు, ఇంటి సామాను మొదలైనవాటిని పట్టణాలలో తక్కువ దూరాలకు చేరవేయడానికి వీటిని విరివిగా వాడుతారు. ఈ వాహనాలు పదిహేను, ఇరవై సంవత్సరాల పాటు చేతులు మారుతూ పనిచేస్తూ ఉంటాయి. ఇంజను ఆగిపోతే వాహనం కదలదు కనుక దాని మరమ్మతు తప్పనిసరిగా జరుగుతుంది. బ్రేకు బలహీనపడితే మాత్రం వాహనం నడుస్తూనే ఉంటుంది. అందువలన బ్రేకుల మరమ్మతు తరచుగా వాయిదా పడుతుంది. పాత పికప్ వాహనాలలో బ్రేకులు ఎలా పనిచేస్తాయి, ఎందుకు క్షీణిస్తాయి, వాటిని బాగుచేయడం మరియు మెరుగుపరచడం ఎలా అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

మలక్‌పేట - ఎల్.బి.నగర్ మార్గం

హైదరాబాదు నగరపు తూర్పు భాగంలో చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి విజయవాడ వైపు వెళ్ళే 65వ జాతీయ రహదారిలో భాగం. దీని పూర్వపు సంఖ్య 9. నాగార్జునసాగర్ వైపు వెళ్ళే రహదారి కూడా ఎల్.బి.నగర్ వద్దనే చీలుతుంది. మలక్‌పేటలోని మహబూబ్ మాన్షన్ మార్కెట్టు ఉల్లిపాయలకు, మిరపకాయలకు పేరుపొందినది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22 ప్రాంతంలో అక్కడి నుంచి బాటసింగారానికి తరలించబడినది. ఈ కారణాల వలన ఈ మార్గంలో పికప్ వాహనాల రాకపోకలు ఎక్కువ. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. ప్రయాణికులలో కొందరు రైలుకు మారినా, సరుకు మాత్రం రోడ్డు మీదనే సాగుతుంది.

ఈ మార్గంలో వాహనం వేగంగా పరుగెత్తే సమయం తక్కువ, ఆగి కదిలే సందర్భాలు ఎక్కువ. కూడళ్ళు, బస్సు స్టాపులు, రోడ్డు దాటే పాదచారులు, అకస్మాత్తుగా ఆగే ఆటోలు బ్రేకులకు విరామం ఇవ్వవు. మలక్‌పేట రైలు వంతెన కింద వానాకాలంలో నీరు నిలిచినప్పుడు బ్రేకులు తడిసిపోతాయి. అదే వాహనం మరునాడు బరువు నింపుకొని జాతీయ రహదారి మీద ఎక్కువ వేగంతో వెళ్ళవచ్చు. నగరంలో నెమ్మదిగా నడిచేటప్పుడు బయటపడని లోపం అక్కడ బయటపడుతుంది.

మరమ్మతు దుకాణాలు, లేతు మిషను పనివారు, విడిభాగాల వ్యాపారులు ఈ ప్రాంతంలో అందుబాటులో ఉన్నారు. ఎల్.బి.నగర్ దాటిన తరువాత వనస్థలిపురం వద్ద ఆటోనగర్ కలదు. కోఠి సమీపంలోని పుత్లీబౌలి, సికింద్రాబాదులోని రాణీగంజ్ ప్రాంతాలు వాహనాల విడిభాగాలకు ప్రసిద్ధి. హైదరాబాదు తూర్పు మండల రవాణా కార్యాలయం మలక్‌పేటలోనే ఉన్నది. ఈ కార్యాలయంలో నమోదైన వాహనాలకు 11 అనే సంకేత సంఖ్య ఉంటుంది. దాని ముందు మొదట ఏపీ, 2014 తరువాత టీఎస్, 2024 నుంచి టీజీ అనే అక్షరాలు వాడుకలోకి వచ్చినవి.

భారతదేశంలో పికప్ వాహనాలు

మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. తరువాతి కాలంలో జీపు చట్రం ఆధారంగా సరుకు వాహనాలు కూడా తయారైనవి. టాటా సంస్థ 1986లో 407 లారీని, 1988లో టాటామొబైల్ పికప్‌ను విడుదల చేసినది. 1980లలో జపాను సంస్థల సహకారంతో తేలికపాటి లారీలు మన దేశంలో తయారు కావడం మొదలైనది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో ఇటువంటి వాహనాలను తయారుచేసినది. అదే కాలపు డి.సి.ఎం. టయోటా వాహనం పేరు తెలంగాణలో ఎంతగా స్థిరపడినదంటే, ఏ సంస్థ తయారుచేసినదైనా మధ్య తరహా సరుకు వాహనాన్ని నేటికీ "డీసీఎం" అనే పిలుస్తారు. మహీంద్రా బొలెరో 2000లో, టాటా ఏస్ 2005లో వచ్చినవి.

పాత జీపు ఆధారిత వాహనాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. తరువాతి పికప్‌లలో ముందు చక్రాలకు డిస్కు, వెనుక చక్రాలకు డ్రమ్ము అమర్చే పద్ధతి వ్యాపించినది.

పనిచేసే సూత్రం

కదులుతున్న వాహనానికి గతిజ శక్తి ఉంటుంది. బ్రేకు ఈ శక్తిని ఘర్షణ ద్వారా వేడిగా మార్చి గాలిలోకి వదులుతుంది. గతిజ శక్తి వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అనగా వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. ఉదాహరణకు సరుకుతో కలిపి 2,700 కి.గ్రా. బరువున్న పికప్ గంటకు 30 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 94 వేల జౌళ్ళు. 60 కి.మీ. వేగంలో అది సుమారు 3 లక్షల 75 వేల జౌళ్ళు. ఇది 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు నీటిని మరిగే స్థాయికి తేవడానికి చాలినంత కంటే ఎక్కువ వేడి. వాహనాన్ని ఒక్కసారి ఆపినప్పుడే ఇంత వేడి కొన్ని క్షణాలలో డ్రమ్ములలోను, డిస్కులలోను పుడుతుంది.

బరువు పెరిగినా వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పై వాహనంలో అదనంగా 500 కి.గ్రా. వేస్తే ప్రతిసారీ పుట్టే వేడి సుమారు 18 శాతం ఎక్కువ అవుతుంది.

ఆగే దూరంలో రెండు భాగాలు ఉన్నవి. ప్రమాదాన్ని చూసి పెడల్ నొక్కే వరకు ప్రయాణించే దూరం మొదటిది. డ్రైవరుకు ఒక సెకను పట్టినదనుకుంటే, 60 కి.మీ. వేగంలో ఇది సుమారు 17 మీటర్లు. బ్రేకు పడిన తరువాత జరిగే దూరం రెండవది. బ్రేకులు బాగుండి వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గితే ఇది సుమారు 23 మీటర్లు. బ్రేకులు బలహీనపడి 4 మీటర్ల చొప్పుననే తగ్గితే సుమారు 35 మీటర్లు. ఈ 12 మీటర్ల తేడా మూడు చిన్న కార్లు వరుసగా నిలిచేంత దూరానికి దాదాపు సమానం.

పాదం నొక్కిన బలం చక్రానికి చేరడం పాస్కల్ సూత్రం మీద ఆధారపడి ఉంటుంది. మూసివున్న ద్రవం మీద కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. పాదంతో 20 కి.గ్రా. బలం వేసినప్పుడు పెడల్ మీటగా పనిచేసి దానిని నాలుగింతలు చేస్తే, మాస్టర్ సిలిండరు మీద 80 కి.గ్రా. బలం పడుతుంది. మాస్టర్ సిలిండరు వ్యాసం 20 మి.మీ. అయితే ద్రవంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 25 కి.గ్రా. పీడనం ఏర్పడుతుంది. 22 మి.మీ. వ్యాసం గల వీల్ సిలిండరులో ఈ పీడనం సుమారు 97 కి.గ్రా. బలంగా మారి బ్రేక్ షూను డ్రమ్ముకు నొక్కుతుంది.

చరిత్ర

ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో 1902లో ఆధునిక డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. తొలి రోజులలో బ్రేకులను తీగలు, కడ్డీల ద్వారా లాగేవారు. అవి నాలుగు చక్రాలకూ సమానంగా పనిచేయడం కష్టమయ్యేది. అమెరికాకు చెందిన మాల్కమ్ లాకీడ్ 1917లో ద్రవ పీడనంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులు అమర్చబడినవి. డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో గెలిచిన తరువాత డిస్కు బ్రేకుకు ఆదరణ పెరిగినది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారు దానిని సాధారణ వినియోగదారులకు చేర్చినది.

భారతదేశంలో బ్రేకు భాగాల పరిశ్రమకు చెన్నై ప్రధాన కేంద్రం. బ్రేక్స్ ఇండియా సంస్థ 1962లో అక్కడ స్థాపించబడినది. చెన్నైకి చెందిన రాణే సంస్థకు హైదరాబాదు ప్రాంతంలో కూడా బ్రేకు లైనింగుల కర్మాగారం కలదు.

ముఖ్య భాగాలు

* మాస్టర్ సిలిండరు: పెడల్ బలాన్ని ద్రవ పీడనంగా మార్చేది. చాలా పాత వాహనాలలో దీనికి ఒకే గది ఉండేది. ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోయేవి. రెండు గదుల మాస్టర్ సిలిండరులో ఒక మార్గం విఫలమైనా రెండవది పనిచేస్తుంది.
* బూస్టరు: శూన్య పీడనం సహాయంతో పాదబలాన్ని పెంచేది. పెట్రోలు ఇంజను గాలిని పీల్చే గొట్టంలో శూన్యం సహజంగా ఏర్పడుతుంది. డీజిలు ఇంజనులో అది చాలదు కనుక వేరుగా వాక్యూమ్ పంపు ఉంటుంది. చాలా వాహనాలలో ఇది ఆల్టర్నేటరుకు జోడించబడి ఉంటుంది. ఇంజను ఆగితే బూస్టరులో మిగిలిన శూన్యం ఒకటి రెండు నొక్కులకు మాత్రమే సరిపోతుంది.
* డ్రమ్ము, బ్రేక్ షూలు: చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములో లైనింగు అంటించిన లేదా రివిట్లు కొట్టిన రెండు షూలు ఉంటాయి. తిరిగే దిశలో ఉన్న షూను డ్రమ్మే తనలోకి లాక్కొంటుంది. అందువలన డ్రమ్ము బ్రేకుకు తక్కువ పాదబలం చాలుతుంది.
* డిస్కు, ప్యాడ్లు, కాలిపరు: తిరిగే ఇనుప పళ్ళెమును రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టుకొంటాయి. ఇందులో పై విధమైన స్వయం సహాయం లేదు కనుక ఎక్కువ పీడనం కావాలి. అయితే వేడి త్వరగా బయటికి పోతుంది.
* లోడ్ సెన్సింగ్ వాల్వు: తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక చక్రాలకు పీడనం తగ్గించి, బరువు ఉన్నప్పుడు పెంచేది. ఇది కమాన్ పట్టీలు ఎంత కుంగినవో చూసి బరువును గుర్తిస్తుంది.
* హ్యాండ్ బ్రేకు: తీగ ద్వారా సాధారణంగా వెనుక షూలను బిగించేది. ఇది ద్రవంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది.

లోపాల లక్షణాలు

* పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండటం: పైపులలో గాలి చేరినది. గాలి నొక్కుకుపోతుంది కనుక పీడనం ఏర్పడదు.
* నొక్కి పట్టుకొన్నప్పుడు పెడల్ నెమ్మదిగా కిందికి జారడం: ఎక్కడో ద్రవం కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పులు అరిగినవి. బయట తడి కనిపించనంత మాత్రాన లోపం లేదని అనుకోరాదు.
* రెండు మూడు సార్లు నొక్కితేగాని బ్రేకు పట్టకపోవడం: షూలకు, డ్రమ్ముకు మధ్య ఖాళీ పెరిగినది.
* పెడల్ రాయిలా గట్టిగా ఉండటం: బూస్టరు, వాక్యూమ్ పంపు లేదా వాటి మధ్య గొట్టం పాడైనది.
* వాహనం ఒక పక్కకు లాగడం: ఒక వైపు వీల్ సిలిండరు పట్టేసినది, లేదా లైనింగు మీద నూనె పడినది. టైర్లలో గాలి తేడా కూడా కారణం కావచ్చు.
* పెడల్ వణకడం: డ్రమ్ము గుండ్రదనం కోల్పోయినది, లేదా డిస్కు వంకర పోయినది.
* ఇనుము గీసుకొనే చప్పుడు: లైనింగు పూర్తిగా అరిగి రివిట్లు డ్రమ్మును కోస్తున్నవి.
* ఒక చక్రం మాత్రమే విపరీతంగా వేడెక్కడం: షూ వెనక్కి రావడం లేదు. బలహీనపడిన స్ప్రింగు గాని, లోపల ఉబ్బి మూసుకుపోయిన రబ్బరు గొట్టం గాని దీనికి కారణం.

బూస్టరును పరీక్షించడానికి ఒక సులభమైన పద్ధతి కలదు. ఇంజను ఆపి పెడల్‌ను ఐదారు సార్లు నొక్కి, తరువాత నొక్కి పట్టుకొని ఇంజను ప్రారంభించాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లు. కదలకపోతే లోపం ఉన్నట్లు.

మరమ్మతు విధానం

బ్రేకు పని సమతలమైన చోట మాత్రమే చేయాలి. చక్రాలకు అడ్డుగా దుంగలు లేదా రాళ్ళు పెట్టి, వాహనాన్ని జాకీతో ఎత్తిన తరువాత బలమైన స్టాండ్ల మీద నిలపాలి. కేవలం జాకీని నమ్మి వాహనం కిందికి వెళ్ళరాదు.

డ్రమ్ము విప్పిన తరువాత లోపలి ధూళిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు. పాత లైనింగులలో రాతినార (ఆస్బెస్టాస్) వాడేవారు. దాని సూక్ష్మమైన పోగులు ఊపిరితిత్తులలో చేరి, అనేక సంవత్సరాల తరువాత క్యాన్సరు వంటి వ్యాధులను కలిగిస్తాయి. కొత్త లైనింగులు రాతినార లేనివి దొరుకుతున్నా, పాత వాహనంలో ఏది ఉన్నదో కంటికి తెలియదు. కనుక ధూళిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయడం మేలు. ఈ ప్రమాదం డ్రైవరు కంటే రోజూ ఈ పని చేసే మెకానిక్‌కు, అతని వద్ద పని నేర్చుకొనే పిల్లలకు ఎక్కువ.

రివిట్టు తలలు బయటపడక ముందే లైనింగు మార్చాలి. ఒక ఇరుసుకు చెందిన రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం లైనింగు వేయాలి. ఒక వైపు మాత్రమే మారిస్తే వాహనం ఒక పక్కకు లాగవచ్చు. లైనింగు మీద వీల్ సిలిండరు ద్రవం గాని, ఇరుసు నూనె గాని పడితే దానిని పెట్రోలుతో కడిగి తిరిగి వాడటం సరికాదు. ముందుగా కారే సీలును మార్చి, ఆ తరువాత కొత్త లైనింగు వేయాలి. లేకపోతే కొత్తది కూడా కొద్ది రోజులలో పాడవుతుంది.

గాట్లు పడిన డ్రమ్మును లేతు మీద కోయించి నునుపు చేయవచ్చు. అయితే దీనికి హద్దు ఉన్నది. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం, డిస్కు కనిష్ఠ మందం సాధారణంగా వాటి మీదనే అచ్చు వేయబడి ఉంటాయి. హద్దు మీరి కోసిన డ్రమ్ము పలుచబడి త్వరగా వేడెక్కుతుంది, పగలవచ్చు కూడా. ఆ హద్దు దాటితే కొత్త డ్రమ్ము వేయడమే మార్గం.

సిలిండరు లోపలి గోడ నునుపుగా ఉంటేనే రబ్బరు కప్పుల కిట్టు వేయాలి. గోడ మీద తుప్పు గుంటలు ఉంటే కొత్త రబ్బరును కూడా అవి కోసివేస్తాయి. అప్పుడు సిలిండరునే మార్చాలి. పగుళ్ళు పడిన, ఉబ్బిన రబ్బరు గొట్టాలను మార్చాలి. ఉక్కు పైపు స్థానంలో మామూలు రాగి గొట్టం వేయరాదు. రాగి కంపనాలకు గట్టిపడి పగులుతుంది.

చివరి పని గాలి తీయడం. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన దేశపు కుడి స్టీరింగు వాహనాలలో వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుస వాడుకలో ఉన్నది. తయారీ సంస్థ వేరే వరుస చెప్పి ఉంటే దానినే పాటించాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోగా, మరొకరు చక్రం వద్ద గాలి మరను వదులు చేసి, ద్రవంతో పాటు బుడగలు బయటికి రాగానే బిగించాలి. మర బిగించిన తరువాతనే పెడల్ మీది పాదం తీయాలి. ముందే తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగే వరకు ఇలా చేస్తూ, డబ్బాలో ద్రవం అడుగంటకుండా నింపుతూ ఉండాలి.

బ్రేకు ద్రవం

వాడుకలో "బ్రేక్ ఆయిల్" అని పిలిచే ఈ ద్రవం నిజానికి నూనె కాదు. ఇది గ్లైకాల్ ఆధారిత రసాయనం. దీనికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. కొత్త డాట్ 3 ద్రవం కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్, తేమ చేరిన తరువాత 140 డిగ్రీలు. డాట్ 4 ద్రవానికి ఇవి వరుసగా 230, 155 డిగ్రీలు. వేడెక్కిన చక్రం వద్ద ద్రవం మరిగి ఆవిరి అయితే, ఆవిరి గాలిలాగే నొక్కుకుపోయి పెడల్ ఒక్కసారిగా నేలను తాకుతుంది. వాహనం చల్లబడిన తరువాత బ్రేకు మరల మామూలుగా పనిచేయడం వలన, ప్రమాదం తరువాత చూసినవారికి లోపం కనిపించకపోవచ్చు.

ద్రవాన్ని సుమారు రెండు సంవత్సరాలకు ఒకసారి పూర్తిగా మార్చడం మంచి అలవాటు. మూత తెరచి ఉంచిన డబ్బాలోని ద్రవం వాడరాదు. ఇంజను ఆయిలు గాని, ఇతర ఖనిజ నూనెలు గాని పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. అలా జరిగితే రబ్బరు భాగాలన్నిటినీ మార్చి, పైపులను శుభ్రపరచాలి. నీరు పోయడం కూడా అంతే ప్రమాదకరం. అది 100 డిగ్రీల వద్దనే మరుగుతుంది, సిలిండర్లకు తుప్పు పట్టిస్తుంది.

మెరుగుపరచడం

పాత వాహనం బ్రేకును మెరుగుపరచడంలో మొదటి మెట్టు దానిని కొత్తగా ఉన్నప్పటి స్థితికి తేవడం. కొత్త లైనింగులు, హద్దులో ఉన్న డ్రమ్ములు, కారని సిలిండర్లు, కొత్త గొట్టాలు, తాజా ద్రవం, సరైన సర్దుబాటు ఉంటే చాలా వాహనాలకు వేరే మార్పు అవసరం ఉండదు. డాట్ 3 బదులు డాట్ 4 ద్రవం వేయడం తక్కువ ఖర్చుతో కూడిన మెరుగుదల. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. సిలికోను ఆధారిత డాట్ 5 మాత్రం వీటితో కలపకూడదు.

ఒకే గది మాస్టర్ సిలిండరు ఉన్న పాత వాహనానికి రెండు గదులది అమర్చడం ప్రాణరక్షణ పరంగా ఎంతో విలువైన మార్పు. అయితే వ్యాసం సరిచూడాలి. పెద్ద సిలిండరు వేస్తే బ్రేకు బలం పెరుగుతుందన్న అభిప్రాయం సరైనది కాదు. పై ఉదాహరణలోని 20 మి.మీ. సిలిండరు బదులు 25 మి.మీ. సిలిండరు వేస్తే, అదే పాదబలానికి పీడనం చదరపు సెంటీమీటరుకు 25 కి.గ్రా. నుంచి సుమారు 16 కి.గ్రా.లకు పడిపోతుంది. పెడల్ తక్కువ దూరం కదలడం వలన గట్టిగా, మంచిగా ఉన్నట్లు తోచినా, వాహనం ఆలస్యంగా ఆగుతుంది.

ముందు చక్రాలకు డ్రమ్ము తీసి డిస్కు అమర్చడం మరొక మార్పు. వేడెక్కినప్పుడు డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. డిస్కులో ఈ ఇబ్బంది లేదు. నీటిలో తడిసినా డిస్కు త్వరగా ఆరుతుంది. కాని డిస్కు మాత్రమే మార్చితే సరిపోదు. దానికి ఎక్కువ పీడనం కావాలి కనుక బూస్టరు ఉండాలి. కాలిపరుకు ఎక్కువ ద్రవం కావాలి కనుక మాస్టర్ సిలిండరు తగినది కావాలి. కొన్ని డ్రమ్ము వ్యవస్థల మాస్టర్ సిలిండరులో పైపులలో కొంత పీడనం నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కు మార్గంలో దానిని తొలగించకపోతే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూ ఉంటాయి. ముందు, వెనుక చక్రాల మధ్య పీడనపు నిష్పత్తి కూడా కుదరాలి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే వాహనం అడ్డంగా తిరిగిపోతుంది. కనుక ఇరుసు, డిస్కు, కాలిపరు, మాస్టర్ సిలిండరు, బూస్టరు, వాల్వు అన్నీ అదే నమూనాకు తయారీ సంస్థ రూపొందించిన జతగా ఉండాలి. వేర్వేరు వాహనాల నుంచి ఒక్కొక్క భాగం తెచ్చి కలపడం మెరుగుదల అనిపించుకోదు.

కమాన్ పట్టీలు, అధిక బరువు

ఎక్కువ సరుకు మోయడానికి వెనుక ఇరుసుకు అదనపు కమాన్ పట్టీలు వేయించడం విరివిగా కనిపించే పద్ధతి. దీనివలన వాహనం కుంగదు కనుక బరువు ఎక్కువైనట్లు కనిపించదు. కాని బ్రేకులు పాతవే. పైగా లోడ్ సెన్సింగ్ వాల్వు ఉన్న వాహనంలో మరొక ప్రమాదం ఏర్పడుతుంది. పట్టీలు గట్టిపడి తొట్టి కిందికి దిగకపోవడం వలన, ఆ వాల్వు వాహనం ఖాళీగా ఉన్నట్లు భావించి వెనుక బ్రేకులకు పీడనం తగ్గిస్తుంది. ఆ విధంగా బరువు అత్యధికంగా ఉన్న సమయంలోనే వెనుక బ్రేకులు అత్యల్పంగా పనిచేస్తాయి. పట్టీలు మార్చిన ప్రతిసారీ ఈ వాల్వును తయారీ సంస్థ కొలతల ప్రకారం సరిచూడాలి.

పెద్ద టైర్లు వేయడం కూడా ఇటువంటిదే. చక్రపు వ్యాసార్ధం 5 శాతం పెరిగితే, అదే బ్రేకు నేల వద్ద కలిగించే నిరోధం దాదాపు 5 శాతం తగ్గుతుంది.

చేయకూడని పనులు

సరుకు రవాణాతో జీవించే డ్రైవరుకు వాహనం రెండు రోజులు నిలిచిపోతే రెండు రోజుల ఆదాయం పోతుంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఈ ఒత్తిడి వలన కొన్ని తాత్కాలిక ఉపాయాలు పుట్టినవి. ద్రవం కారుతున్న చక్రపు పైపును నొక్కి మూసివేసి, మూడు చక్రాల బ్రేకులతో నడపడం వాటిలో ఒకటి. అటువంటి వాహనం తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఒక పక్కకు తిరిగిపోతుంది. ఒక వీల్ సిలిండరు మార్చడానికి సాధారణంగా పట్టేది కొద్ది గంటలే. లోపం చిన్నదిగా ఉన్నప్పుడే వాహనాన్ని నిలిపితే నష్టం కూడా చిన్నదిగానే ఉంటుంది.

ఘాట్ రోడ్లు, వాన నీరు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారి నల్లమల కొండల నుంచి కృష్ణానది లోయలోకి దిగుతుంది. 2,700 కి.గ్రా. వాహనం 300 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 79 లక్షల జౌళ్ళు. ఇది 60 కి.మీ. వేగం నుంచి 21 సార్లు ఆపినప్పుడు పుట్టే వేడికి సమానం. అదంతా బ్రేకుల మీదనే పడితే లైనింగు పట్టు కోల్పోతుంది, ద్రవం మరగవచ్చు. కనుక దిగడం ప్రారంభించక ముందే తక్కువ గేరు వేయాలి. అప్పుడు ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని ఇంజను భరిస్తుంది. ఇంధనం ఆదా కోసం ఇంజను ఆపి గాని, న్యూట్రల్‌లో గాని దిగడం వలన ఇంజను నిరోధం పోతుంది. ఇంజను ఆగితే బూస్టరు సహాయం కూడా పోతుంది.

లోతైన నీటిలో నుంచి బయటికి వచ్చిన తరువాత నెమ్మదిగా నడుపుతూ పెడల్‌ను తేలికగా నొక్కి పట్టుకొంటే, ఆ వేడికి లైనింగులు ఆరుతాయి. బ్రేకు మరల పట్టుతున్నదని నిర్ధారించుకొన్న తరువాతనే వేగం పెంచాలి.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను ప్రకారం రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం తప్పనిసరి. కేంద్ర మోటారు వాహనాల నియమాల 2018 సవరణ ప్రకారం ఎనిమిది సంవత్సరాల వయసు వరకు రెండేళ్ళకు ఒకసారి, ఆ తరువాత ప్రతి సంవత్సరం దీనిని పునరుద్ధరించుకోవాలి. ఈ పరీక్ష ఒక రోజు నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. పరీక్ష కోసం అరువు తెచ్చిన భాగాలు మరునాడు రోడ్డు మీద కాపాడవు.

అదే చట్టం 52వ సెక్షను వాహనంలో చేసే మార్పులకు సంబంధించినది. నమోదు పత్రంలోని వివరాలు తయారీ సంస్థ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని ఈ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఈ విషయాన్ని స్పష్టపరచినది. అరిగిన భాగం స్థానంలో అదే కొలత గల భాగం వేయడం మరమ్మతు మాత్రమే. బ్రేకు వ్యవస్థనే మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థ వద్దను విచారించుకోవడం మంచిది. అనుమతి లేని మార్పుల వలన ప్రమాదం తరువాత పరిహారం విషయంలో చిక్కులు రావచ్చు.

రోజువారీ పరిశీలన

ఉదయం వాహనం కదిలించే ముందు చేయదగిన పరీక్షలకు ఐదు నిమిషాలు చాలు.

* డబ్బాలో బ్రేకు ద్రవం మట్టం చూడటం. మట్టం తగ్గితే ద్రవం పోసి ఊరుకోక కారణం వెదకాలి. లైనింగు లేదా ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది.
* చక్రాల లోపలి వైపున, వాహనం నిలిపిన నేల మీద తడి ఉన్నదేమో చూడటం.
* పెడల్‌ను ఒక నిమిషం నొక్కి పట్టుకొని, అది జారుతున్నదేమో గమనించడం.
* హ్యాండ్ బ్రేకు ఏటవాలులో వాహనాన్ని నిలుపుతున్నదో లేదో చూడటం.
* కదిలిన వెంటనే, రద్దీలో చేరక ముందే, తక్కువ వేగంలో ఒకసారి బ్రేకు వేసి చూడటం.

బ్రేకు వ్యవస్థ పెడల్ నుంచి టైరు వరకు సాగే ఒక గొలుసు వంటిది. దానిలో అన్నిటి కంటే బలహీనమైన లంకె ఎంత బలంగా ఉంటే వాహనం అంత బాగా ఆగుతుంది. అందుకే పాత పికప్‌కు ఖరీదైన కొత్త భాగం ఒకటి చేర్చడం కంటే, ఉన్న భాగాలన్నిటినీ సరైన స్థితిలో ఉంచడం డ్రైవరుకు, రోడ్డు దాటే పాదచారికి కూడా ఎక్కువ రక్షణ ఇస్తుంది.